ఇన్ని రంగులుండగా బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఎందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ప్రతి ఫోన్‌లోనూ ఇంత మంచి రంగులు వస్తున్న రోజుల్లో జనం ఇంకా బ్లాక్ అండ్ వైట్ ఎందుకు తీస్తున్నారు, అందులో నిజంగా ఏమైనా ఉందా లేక పాతదనం మీద మోజా, మీరు ఫిల్టర్ నొక్కి చూస్తే మాత్రం అంతా బూడిద పూసినట్టు చప్పగా వస్తోంది, మరి వాళ్లవి అంత బాగా ఎలా వస్తున్నాయి. చివర్లో ఫిల్మ్ కెమెరా కొనమంటారా అని కూడా అడిగారు. నేను స్టూడియో డార్క్‌రూమ్‌లో, అంటే ఫిల్మ్ కడిగి ప్రింట్లు వేసే చీకటిగదిలో, పని నేర్చుకుని ఈ వృత్తిలోకి వచ్చినవాణ్ని, ఇప్పటికీ నాకోసం తీసుకునే ఫోటోల్లో ఎక్కువ బ్లాక్ అండ్ వైటే, కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

ముందు పాతదనం సంగతి తేల్చేద్దాం, చాలామంది అక్కడే ఆగిపోతారు కాబట్టి. తాతల నాటి ఫోటోలన్నీ నలుపు తెలుపే, అందుకని అలాంటి ఫోటో చూడగానే మనసు వెనక్కి వెళ్తుంది, నిజమే. కానీ నిన్న సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి తీసిన పక్కింటి పాప ఫోటో కూడా బ్లాక్ అండ్ వైట్‌లో కట్టిపడేస్తుంది కదా, అందులో పాతదేముంది? పైగా పాత ఫోటోలు అచ్చంగా నలుపు తెలుపూ కావు. 19వ శతాబ్దంలో ఎక్కువగా వాడింది కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం, దాని మీద బొమ్మ గోధుమ, ఊదా కలిసిన రంగులో వచ్చేది. సెపియా అంటే వెలిసిపోయిన ఫోటో అనుకుంటారు చాలామంది, అది కావాలని చేసే టోనింగ్, ప్రింటులోని వెండిని సిల్వర్ సల్ఫైడ్‌గా మారిస్తే ఎక్కువకాలం నిలుస్తుందని చేసేవాళ్లు.

రాజా దీన్ దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా కోటలు, వేటలు, విందులు, దర్బారు మనుషుల్ని తీశారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. దొరికితే వాటి మంచి ప్రింట్లు పెద్ద సైజులో చూడండి. నవాబుగారి షేర్వానీ మీద పట్టు ఎక్కడ మెరుస్తోందో, జరీ ఎక్కడ గరుకుగా ఉందో చెప్పేయొచ్చు, బట్ట రంగు మాత్రం మనకి తెలీదు, తెలియలేదన్న లోటూ అనిపించదు. ఆయనకి రంగు అనే వసతే లేదు, మనిషిని వెనకున్న గోడ నుంచి విడదీయాలంటే వెలుగు ఎటునుంచి పడుతోందో చూసుకోవడం ఒక్కటే దారి. నాకు తెలిసి బ్లాక్ అండ్ వైట్‌లోని ఆకర్షణ మొత్తం ఇదే. వెలుగు మీద ఆధారపడక తప్పని పరిస్థితి అది, ఆ పరిస్థితిని ఇవాళ మనం కోరి తెచ్చుకుంటున్నాం.

ఎందుకు కోరి తెచ్చుకోవాలంటే, రంగు చాలా గట్టిగా అరుస్తుంది. మన ఊళ్లలో ఏ సెంటర్‌లోనైనా టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన్ని ఫోటో తీయండి. ఆయన ముఖం ఎంత బాగున్నా వెనక పసుపు, గులాబీ రంగుల్లో ఏదో పార్టీ ఫ్లెక్సీ, పక్కన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, ఎర్ర కుర్చీ, ఆకుపచ్చ ఆటో అంచు. చూసేవాడి కన్ను ముందు ఫ్లెక్సీ మీదికి పోయి, డ్రమ్ము దగ్గర ఆగి, చివరికి ముఖం దగ్గరికి వస్తుంది. అదే ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఫ్లెక్సీ, డ్రమ్ము, కుర్చీ ఒకదానికొకటి దగ్గరగా ఉండే బూడిద రంగుల్లోకి సర్దుకుంటాయి, ఆయన చెంప మీద పడిన వెలుగే ఫ్రేములో అన్నిటికన్నా తెల్లటి జాగా అవుతుంది, కన్ను నేరుగా అక్కడికే వెళ్తుంది. తర్వాత నుదుటి ముడతలు, గ్లాసు పట్టుకున్న వేళ్లు, గ్లాసు మీంచి లేచే ఆవిరి. ఇవన్నీ రంగు ఫోటోలోనూ ఉన్నాయి, కానీ అక్కడ వాటి వంతు వచ్చేసరికే చూసేవాడు పక్క ఫోటోకి వెళ్లిపోతాడు.

ఇందులో మన కంటి నిర్మాణం పాత్ర కూడా ఉంది. కంట్లో రంగుని పట్టే కోన్ కణాలు దాదాపు 60 లక్షలు ఉంటే, వెలుగు చీకట్లని మాత్రమే పట్టే రాడ్ కణాలు దాదాపు 12 కోట్లు. పొద్దుగూకి బాగా మసకబడ్డాక కోన్‌లు పనిచేయడం మానేస్తాయి, అప్పుడు పెరట్లో తీగ మీద ఆరేసిన చీరలు ఏ రంగువో చెప్పలేం, అయినా నడవగలం, మనిషిని నడకని బట్టి గుర్తుపట్టగలం. అంటే రంగు లేకుండా చూడటం మనకి కొత్త కాదు, రోజూ కాసేపు అలాగే చూస్తున్నాం.

ఇక మీ ఫోటోలు చప్పగా ఎందుకొస్తున్నాయో చూద్దాం. రంగు తీసేయ్ అని యాప్‌కి చెప్తే అది ఒక లెక్క ప్రకారం తీస్తుంది. చాలా చోట్ల వాడే పాత టీవీ లెక్కలో ఎరుపు నుంచి 0.299 వంతు, ఆకుపచ్చ నుంచి 0.587, నీలం నుంచి 0.114 తీసుకుని కలిపి ఒక బూడిద విలువ చేస్తారు. దీనివల్ల ఏమవుతుందో గుంటూరు వైపు మిరప చేలో పండు కోసే రోజుల్లో తీసిన ఫోటో మీద చూద్దాం. ఒక్కో రంగునీ 0 నుంచి 255 దాకా కొలిస్తే, పండిన మిరపకాయ ఎరుపు 190, ఆకుపచ్చ 20, నీలం 30 అనుకోండి. వెనకున్న ఆకు అదే వరసలో 50, 100, 40. కంటికి ఇవి పూర్తిగా వేరు, ఎర్రటి కాయ ఆకుల్లోంచి ఎగిరి వచ్చినట్టు ఉంటుంది. పై లెక్క వేస్తే కాయ 72 అవుతుంది, ఆకు 78. 255 మెట్లున్న నిచ్చెనలో ఆరు మెట్ల తేడాని కన్ను దాదాపు గుర్తించదు. చేను చేనంతా ఒకే ముదురు బూడిద. ఎర్ర చీరకి ఆకుపచ్చ అంచున్న పెళ్లి ఫోటోలు బ్లాక్ అండ్ వైట్‌లో నీరసంగా ఉండటానికీ ఇదే కారణం, అంచు చీరలో కలిసిపోతుంది.

ఇప్పుడు అదే ఫోటోని స్నాప్‌సీడ్ యాప్‌లో తెరిచి బ్లాక్ అండ్ వైట్ టూల్‌లోకి వెళ్లండి, అందులో కలర్ ఫిల్టర్ అని చిన్న గుర్తు ఉంటుంది, ఎక్కువమంది దాన్ని ముట్టుకోరు. అక్కడ ఎరుపు ఎంచుకుంటే కాయ 190 వైపు లేస్తుంది, ఆకు 50 వైపు దిగుతుంది, నల్లటి ఆకుల మధ్య కాయలు వెలుగుతాయి. ఆకుపచ్చ ఎంచుకుంటే తిరగబడుతుంది, లేత ఆకుల మధ్య నల్లటి కాయలు. రెండూ నిజమైన ఫోటోలే, ఏది కావాలో మీరు చెప్పాలి. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ యాప్‌లో అయితే బ్లాక్ అండ్ వైట్ మిక్స్ కింద ఒక్కో రంగుకీ ఒక్కో స్లైడర్ ఉంటుంది, పని ఇంకా సున్నితంగా చేసుకోవచ్చు. మీకు నచ్చిన ఆ ఫోటోలు తీసినవాళ్లు చేస్తున్నది ఇదే. ఏ రంగు ఏ బూడిద కావాలో వాళ్లే నిర్ణయిస్తున్నారు, మీరు ఆ నిర్ణయాన్ని యాప్‌కి వదిలేస్తున్నారు.

ఫిల్మ్ రోజుల్లో ఈ పనికి లెన్సు ముందు పసుపు, నారింజ, ఎరుపు అద్దాలు బిగించేవాళ్లం. ఇంకా వెనక్కి వెళ్తే పాత ప్లేట్లు నీలాన్ని ఎక్కువగా చూసేవి, ఎరుపు వాటికి కనబడేదే కాదు. అందుకే ఆ కాలపు ఫోటోల్లో ఆకాశం ఉత్త తెల్ల కాగితంలా ఉంటుంది, పెదాలు నల్లగా ఉంటాయి, కుంకుమ బొట్టు కాటుక చుక్కలా కనిపిస్తుంది. తర్వాత అన్ని రంగుల్నీ చూడగల పాంక్రోమాటిక్ ఫిల్ములు వచ్చాయి. ప్రింటు కాగితం మాత్రం చివరిదాకా ఎరుపుకి గుడ్డిదిగానే ఉంది, డార్క్‌రూమ్‌లో ఎర్ర లైటు వేసుకుని పనిచేయగలిగేది అందుకే. బొట్టు సంగతి ఇప్పటికీ గుర్తుపెట్టుకోవాల్సిందే. ఆడవాళ్ల పోర్ట్రెయిట్ మీద ఎరుపు ఫిల్టర్ గట్టిగా వేస్తే చర్మం నున్నగా, అందంగా వస్తుంది గానీ కుంకుమ బొట్టు చర్మంలో కలిసి మాయమైపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లకి అలాంటి ప్రింటు చూపిస్తే బాధపడతారు, న్యాయంగానే. పసుపు లేదా లేత నారింజ దగ్గర ఆగితే చర్మం బాగుంటుంది, బొట్టూ నిలుస్తుంది.

రాళ్ల విషయంలో నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ పాలంపేట రామప్ప గుడి. 1213 నాటిది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాక జనం బాగా వస్తున్నారు. గుడి కట్టడం చాలావరకు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన మదనికల బొమ్మలు మాత్రం నల్లరాయి, అద్దంలా నునుపు చేసినవి. రంగు ఫోటోలో ఎర్రరాయి, ఆకాశం, పచ్చిక మధ్య ఆ నల్లటి బొమ్మలు కాస్త వెనక్కి తగ్గుతాయి. మామూలు బ్లాక్ అండ్ వైట్‌లో గోడ ముదురు బూడిదై బొమ్మలు ఇంకా అణిగిపోతాయి. ఎరుపు ఫిల్టర్ వేస్తే ఇసుకరాయి తెల్లబడుతుంది, నల్లరాయికి అసలు రంగే లేదు కాబట్టి అది కదలదు, నడుము వంపు, మెడలో హారం, మోకాలి మీది మెరుపు గోడ నుంచి విడివడి నిలబడతాయి. ఎండ ఏటవాలుగా పడే వేళకి వెళ్లండి, మిట్టమధ్యాహ్నం ఏ ఫిల్టరూ కాపాడదు.

ఆకాశం గురించి ఒక్క మాట. ఎరుపు ఫిల్టర్ వేస్తే ఆకాశం నల్లబడి మబ్బులు ఉవ్వెత్తున లేస్తాయని అన్ని చోట్లా రాస్తారు. ఆకాశం నీలంగా ఉంటేనే అది జరుగుతుంది. మన ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం దుమ్ముతో పాలిపోయి ఉంటుంది, అందులో నీలమే ఉండదు, ఫిల్టర్‌కి పనేముంది? వానలు వెనకపట్టి గాలి కడిగినట్టు ఉండే కార్తీకం రోజుల్లో తీయండి.

చర్మం గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్తాను. పాత స్టూడియోల్లో నెగెటివ్ మీద మెత్తటి పెన్సిల్‌తో రిటచింగ్ చేసేవాళ్లు. నెగెటివ్‌లో ఎక్కడ పెన్సిల్ పడితే ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది, అలా ముడతలు పోగొట్టేవాళ్లు, దాంతోపాటు మనిషి రంగునీ రెండు మెట్లు పైకి లేపేవాళ్లు, గిరాకీ అలా ఉండేది. ఇప్పుడు యాప్‌లు అదే పని అడక్కుండానే చేస్తున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. చామనఛాయ, నల్లటి చర్మం బ్లాక్ అండ్ వైట్‌కి దొరికిన వరం. తెల్లటి చర్మం మీద వెలుగు పరుచుకుపోతుంది, నల్లటి చర్మం మీద వెలుగు ఆకారాన్ని చెప్తుంది, చెమట పట్టిన భుజం మీద, దవడ ఎముక మీద, ముక్కు దూలం మీద సన్నటి మెరుపు గీతలా నిలుస్తుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, ముఖంలో వెలుగు పడ్డ వైపుకి ఎక్స్‌పోజర్ సెట్ చేసి, రెండో వైపుని చీకట్లోకి పోనివ్వండి. ఫోన్ ఆటోమేటిగ్గా దాన్ని వెలిగించాలని చూస్తుంది, తెర మీద వేలు పెట్టి కిందికి లాగి తగ్గించండి.

వెలుగు ఎక్కడ దొరుకుతుందని మీరు అడగలేదు గానీ, అసలు విషయం అదే. ఎండలో తీస్తే కాంట్రాస్ట్ బాగా వస్తుందని కొత్తవాళ్లు బయటికి పరిగెడతారు, అక్కడ కళ్ల కింద గుంటల్లో నల్లటి నీడలు, నుదుటి మీద తెల్లటి మచ్చలు తప్ప ఏమీ రావు. ఇంట్లోనే చూడండి. వీధి తలుపు ఒక్కటి తెరిచి, మిగతా తలుపులు, ట్యూబ్‌లైట్లు అన్నీ ఆపేసి, గడపకి ఒకట్రెండు గజాలు లోపల మనిషిని పక్కకి తిరిగి కూర్చోమనండి. వాకిట్లో పడ్డ ఎండ నేల మీంచి తిరిగొచ్చి ముఖం మీద మెత్తగా పడుతుంది. గడపకి దగ్గరైతే వెలుగు పెరుగుతుంది, లోపలికి జరిగితే తగ్గుతుంది, అడుగు అడుగుకీ తేడా కనిపిస్తుంది. పాత మండువా ఇళ్లయితే ఇంకా అదృష్టం, మధ్యలో ఆకాశం తెరుచుకుని ఉంటుంది కాబట్టి స్తంభం పక్కన నిలబడ్డ మనిషికి ఒకవైపు వెలుగు, రెండోవైపు ఇంటి చీకటి వాటంతట అవే అమరుతాయి. ట్యూబ్‌లైట్ ఆపమన్నది ఊరికే కాదు, రెండు దిక్కుల నుంచి వెలుగొస్తే ముఖం చదునైపోతుంది, రంగు ఫోటోలో ఆ లోపాన్ని చీర రంగో గోడ రంగో కప్పేస్తుంది, బ్లాక్ అండ్ వైట్‌లో కప్పడానికి ఏమీ ఉండదు. రంగులో బాగాలేని ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసి గట్టెక్కించొచ్చు అనే సలహా అందుకే నాకు నచ్చదు.

తెలుగువాళ్లకి ఈ పాఠం కళ్లముందే ఉంది. మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనిచేసిన మాయాబజార్ 1957లో వచ్చింది. అందులో పడవలో వెన్నెల పాట తీసుకోండి. వెన్నెల చల్లగా ఉందని చెప్పడానికి ఇవాళ్టి సినిమాల్లో అయితే ఫ్రేమంతా నీలం పులుముతారు. బార్ట్‌లీ చేతిలో నీలం లేదు. నీటి మీద మెరుపు, ముఖాల అంచున సన్నటి వెలుగు, చుట్టూ పూర్తిగా నల్లబడని చీకటి, వీటితోనే వెన్నెల కురిపించాడు. ఆ సినిమాకి 2010లో రంగులు అద్దారు, చాలా ఓపికగా చేసిన పని, కొత్త తరం చూడటానికి ఉపయోగపడింది కూడా, ఆ కష్టాన్ని తక్కువ చేయను. అయినా ఆ ఒక్క పాట మాత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రంగు వచ్చాక నా కన్ను బట్టల మీదికీ నగల మీదికీ పోతుంది, నీటి మీది మెరుపు వెనక్కి జరుగుతుంది. నా మటుకు ఆ పాట బ్లాక్ అండ్ వైట్‌లోనే సంపూర్ణం.

అలాగని బ్లాక్ అండ్ వైట్ అంటేనే లోతు, రంగు అంటే పైపై అనే మాట నేను ఒప్పుకోను. 1984 డిసెంబర్‌లో భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత మట్టిలో పూడుస్తున్న ఒక పసిబిడ్డని ఇద్దరు ఫోటోలు తీశారు. రఘు రాయ్‌ది బ్లాక్ అండ్ వైట్, పాబ్లో బార్తొలొమ్యూది రంగు. ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫోటో బహుమతి వచ్చింది రంగు ఫోటోకి. రెండింటిలోనూ మట్టి మధ్య తేలిన ఆ ముఖం, మూతపడని కళ్లు చూస్తే మాట రాదు. బ్లాక్ అండ్ వైట్‌లో మట్టి, రాళ్లు, చర్మం ఒకే పదార్థంలా కలిసిపోతాయి, బిడ్డ అప్పటికే నేలలో భాగమైపోయినట్టు ఉంటుంది. రంగులో చర్మం ఇంకా చర్మంలాగే ఉంది, ఇది నిన్న మొన్నటి దాకా బతికున్న బిడ్డ అని అది చెప్తుంది. ఒకటి శోకాన్ని కాలానికి అతీతం చేస్తే, రెండోది ఇది ఇప్పుడే, ఇక్కడే జరిగిందని నిలదీస్తుంది. దేన్ని ఎంచుకోవాలన్నది మీరు ఆ ఫోటోతో ఏం చెప్పదలచుకున్నారన్న దాని మీద ఉంటుంది, ఏది గొప్పదన్న దాని మీద కాదు.

రంగే విషయమైన చోట రంగు తీసేయడం అన్యాయం. బతుకమ్మని బ్లాక్ అండ్ వైట్‌లో తీసి పెట్టేవాళ్లని చూస్తుంటాను. తంగేడు పసుపు, గునుగుకి అద్దిన రంగులు, బంతి, పట్టుకుచ్చులు వరసలుగా పేర్చడమే బతుకమ్మ, ఆ వరసలు బూడిదైతే మిగిలేది గోపురం ఆకారం మాత్రమే. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్న చేతులు, పాట అందుకున్న అవ్వ ముఖం, చెరువులో వదిలేటప్పుడు చీకటి నీళ్ల మీద దీపం వెలుగు, ఇవి బ్లాక్ అండ్ వైట్‌లో అద్భుతంగా వస్తాయి. పండగ ఒక్కటే, ఫ్రేము మారితే సమాధానం మారుతుంది. పోచంపల్లి చీర, కొండపల్లి బొమ్మలు, ఆవకాయ కలిపే పళ్లెం, వీటి జోలికి వెళ్లకండి. మగ్గం మీద కదిలే నేత కార్మికుడి చేతుల్ని మాత్రం వదలకండి.

పని పద్ధతి గురించి తొందరగా చెప్పేస్తాను. కెమెరా ఉంటే మోనోక్రోమ్ మోడ్ పెట్టి, ఫైలు మాత్రం రా (RAW), జేపెగ్ (JPEG) రెండూ సేవ్ అయ్యేలా పెట్టుకోండి. తెర మీద బ్లాక్ అండ్ వైట్ కనిపిస్తుంది, తీస్తున్నప్పుడే కన్ను అలవాటుపడుతుంది, రా ఫైలులో మాత్రం రంగుల సమాచారమంతా భద్రంగా ఉంటుంది, తర్వాత ఏ రంగు ఏ బూడిద కావాలో తేల్చుకోవడానికి అది కావాలి. ఫిల్మ్‌లో నీడలకి ఎక్స్‌పోజర్ ఇచ్చి తెలుపుల్ని డెవలపింగ్‌లో అదుపు చేసేవాళ్లం, డిజిటల్‌లో దానికి తలకిందులు, తెలుపు ఒకసారి మాడిపోతే తిరిగి రాదు కాబట్టి తెల్ల పంచె మీద మడతలు కనిపించేలా ఎక్స్‌పోజర్ తగ్గించి తీసి, నీడల్ని తర్వాత లేపుకోండి. రాత్రిపూట ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగునీ పట్టేలా కెమెరాని పెంచే సెట్టింగు, ఎక్కువ పెట్టడానికి భయపడకండి, రంగు ఫోటోలో ఎరుపు ఆకుపచ్చ చుక్కలుగా కనిపించే నాయిస్, బ్లాక్ అండ్ వైట్‌లో ఇసుక రేణువుల్లాంటి గ్రెయిన్ అయి ఊరుకుంటుంది. మామూలు సెన్సార్‌లో ప్రతి పిక్సెల్ మీదా ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఏదో ఒక ఫిల్టర్ ఉంటుంది, అది కొంత వెలుగుని తినేస్తుంది. ఆ ఫిల్టర్లు లేకుండా బ్లాక్ అండ్ వైట్ మాత్రమే తీసే లైకా ఎం మోనోక్రోమ్ 2012లో వచ్చింది. దాని ధర మనలాంటివాళ్లకి అందేది కాదు, అది లేకపోతే పనవదు అనుకోనూ అక్కర్లేదు.

ఇంకో ఆకర్షణ గురించి ఎవరూ మాట్లాడరు, అది మన్నిక. మీ ఇంట్లో బీరువా తీసి చూడండి. అమ్మమ్మ తాతయ్యల పెళ్లి ఫోటో బ్లాక్ అండ్ వైట్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది, ఎనభైల నాటి రంగు ఫోటోలు చాలావరకు ఎర్రబారిపోయి ముఖాలు పాలిపోయి ఉంటాయి. రంగు ప్రింటులో బొమ్మని మోసేవి రసాయన రంగులు, అవి వెలుగుకీ వేడికీ వెలిసిపోతాయి. బ్లాక్ అండ్ వైట్ ప్రింటులో బొమ్మని మోసేది వెండి. కాకపోతే హైపో, అంటే బొమ్మని స్థిరపరిచే ఫిక్సర్ రసాయనం, సరిగ్గా వదిలేదాకా కడగాలి, తొందరపడి తీసిన ప్రింట్ల మీదే కొన్నేళ్లకి పసుపు మరకలు వస్తాయి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు కాగితం మీద వేసిన ప్రింట్లు, బాగా కడిగినవి, ఇప్పటికీ నా దగ్గర నల్లటి నలుపుతోనే ఉన్నాయి.

మీరు ఇప్పుడు ప్రింటు వేయిస్తే ఒక జాగ్రత్త. మామూలు ల్యాబులు బ్లాక్ అండ్ వైట్ ఫోటోని కూడా రంగు కాగితం మీదే వేస్తాయి, దాంతో బూడిద రంగుల్లో కొంచెం ఆకుపచ్చో గులాబీయో తేలుతుంది. ముందు చిన్న సైజులో ఒకటి వేయించి పగటి వెలుగులో చూసుకుని, తేడా ఉంటే చెప్పి సరిచేయించి, అప్పుడు పెద్దది వేయించండి. పిగ్మెంట్ ఇంకుతో మాట్ కాగితం మీద వేసే ల్యాబు దొరికితే ఇంకా మంచిది.

ఫిల్మ్ కెమెరా కొనాలా అన్నారు. ఫోన్‌తోనో ఉన్న కెమెరాతోనో కొన్ని నెలలు పైన చెప్పినట్టు తీశాక, అప్పటికీ మనసు లాగితే కొనండి. సెకండ్‌హ్యాండ్‌లో లైట్ మీటర్ (వెలుగు కొలిచేది) పనిచేస్తున్న మామూలు ఎస్ఎల్ఆర్ కెమెరా, ఒక 50 ఎంఎం లెన్సు చాలు. ఫిల్మ్ 400 స్పీడ్‌ది తీసుకోండి, ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 కొత్తవాళ్ల తప్పుల్ని బాగా భరిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చు, ట్యాంకులోకి రీలు ఎక్కించేటప్పుడు మాత్రమే పూర్తి చీకటి కావాలి, కిటికీ లేని బాత్‌రూమ్ చాలు, తలుపు సందులో దుప్పటి కుక్కండి. ఫిల్మ్ మీద బొమ్మని తేల్చే రసాయనమైన డెవలపర్‌కి ఇచ్చే టైములన్నీ సాధారణంగా 20 డిగ్రీల లెక్కన ఉంటాయి. ఇక్కడే మన దగ్గర ఇబ్బంది, వేసవిలో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు 35 డిగ్రీలు దాటుతాయి, అందులో కడిగితే నెగెటివ్ నిమిషాల్లో మాడిపోతుంది, జెలటిన్ పొర మెత్తబడి గీతలు పడుతుంది. ఒక బకెట్‌లో నీళ్లు పోసి ఐసు ముక్కలు వేసి, డెవలపర్, ఫిక్సర్ సీసాల్ని అందులో నిలబెట్టి థర్మామీటర్ 20 చూపించాక మొదలుపెట్టండి, కడిగే నీళ్లు కూడా అదే వేడిలో ఉండేలా ముందే పట్టి చల్లబరచండి. మొదటి రీలుని డిసెంబర్ తెల్లవారుజామున కడిగితే ఈ తంటా సగం తగ్గుతుంది.